కరపత్రం అడుగున ఒక చిన్న లైను

ఈ సభ ఏ మాస్టారి జ్ఞాపకార్థం జరుగుతోందో ఆయన పేరు ఆహ్వానపత్రం మీద ఉంది. ఆయన బతికుండగా పేరుపెట్టి పిలిచే ధైర్యం నాకు ఏనాడూ లేదు. ఇప్పుడూ రాలేదు. మాస్టారు అనే అంటాను.

యూనివర్సిటీకి పోకముందే మీడియాను ఒక సబ్జెక్టుగా చదవడం గురించి మాట్లాడమన్నారు. నేను పదో తరగతి తెలుగు పేపరు దగ్గర మొదలుపెడతాను. బడి నుంచి నడిచొచ్చి ముందు వరసలో కూర్చున్న పిల్లలకు మార్చిలో ఉండేది ఆ గండమే కదా.

ఆ పేపర్లో కరపత్రం రాయమని అడుగుతుంటారు. నీటి పొదుపు, ప్లాస్టిక్, చెట్లు నాటడం, ఇట్లాంటి వాటి మీద. ఏటా స్పాట్ వాల్యుయేషన్‌కు పోయే మిత్రుడొకాయన నాతో అన్నాడు: "పేపరు తర్వాత పేపరు తిప్పుతుంటే ఒకే మనిషి రాసినట్టుంటుందబ్బా. పైన 'సోదర సోదరీమణులారా', కింద 'ఇట్లు, పర్యావరణ పరిరక్షణ సమితి'. ఆ సమితి ఎక్కడుందో నాకు తెలియదు, పిల్లోళ్లకూ తెలియదు." గైడులో అట్లా ఉంది, మార్కులూ పడతాయి. పిల్లల తప్పేముంది?

కిందటి ఎన్నికలప్పుడు మా గేటు సందులో దోపిపోయిన కరపత్రాలు కొన్ని దాచిపెట్టాను. వాటి అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ప్రెస్సు పేరు, ఊరు, అచ్చు వేయించినవాళ్ల పేరు ఉంటాయి. ఆ లైను మర్యాద కోసం వేసింది కాదు. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలో 127ఏ అనే సెక్షను ఉంది. ఎన్నికల కరపత్రం మీద అచ్చు వేసినవారి పేరూ, వేయించినవారి పేరూ, చిరునామాలూ లేకపోతే ఆరు నెలల దాకా జైలు గానీ, రెండు వేల రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ. అంతకు చాలా ముందే, 1867లో, ఇంగ్లీషు దొరలు అచ్చు కాగితాల మీద ప్రెస్సు పేరు ఉండి తీరాలన్నారు. ఎవరిని పట్టుకోవాలో తెలియడం వాళ్లకు కావాలి. చట్టం ఏ బుద్ధితో పుట్టినా, లైను మాత్రం పనికొచ్చేదే.

పరీక్షలో పిల్లలు రాసే కరపత్రానికి ఆ లైను ఉండదు. ఎవరు వేశారు, ఎవరి డబ్బుతో వేశారు, ఎవరికి పంచారు అని ఎవరూ అడగరు. అంటే మన బళ్లలో మీడియా చదువు లేదనుకోవడం పొరపాటు. ఉంది, అడుగు లైను కత్తిరించేసిన కాగితం లాగా ఉంది. నేను ఈ సాయంత్రం చెప్పబోయేదంతా ఆ లైను గురించే. దాన్ని నాకు నేర్పింది మాస్టారు. నేర్పిన తీరు మాత్రం చెప్పుకోవడానికి కాస్త సిగ్గుగానే ఉంటుంది.

1990ల్లో నేను పెనుకొండలో ఒక పేపరుకు కంట్రిబ్యూటర్ని. ఏ పేపరన్నది అనవసరం. జీతం లేదు. అచ్చయిన వార్తను స్కేలుతో కొలిచి సెంటీమీటర్ల లెక్కన డబ్బులిచ్చేవాళ్లు. కాబట్టి జర్నలిజంలో నేను నేర్చుకున్న మొదటి సూత్రం, వార్త పొడుగ్గా ఉండాలి.

పెనుకొండలో గుప్తనిధుల కథలకు కొదవ లేదు. 1565లో తళ్లికోట యుద్ధంలో ఓడాక విజయనగర రాజులు హంపిని వదిలి ఇక్కడికే వచ్చారు. ఏనుగుల మీద ధనం తెచ్చారని చెప్పుకుంటారు. అందులో ఒక బిందైనా ఈ కొండలో మిగిలి ఉండదా అనే ఆశ అప్పటి నుంచీ చావలేదు. ఒక పొద్దున బస్టాండు టీకొట్టు దగ్గర ఎవరో అన్నారు, కోట దిగువన ఒక ఇంటి వెనక రాత్రి తవ్వినారంట, బిందె దొరికిందంట అని. నేను రెండో టీ తాగేలోపల ఒక బిందె రెండు బిందెలైంది. మధ్యాహ్నం బస్సుకు కవరు పంపాను. మరునాడు జిల్లా పేజీలో మూడు కాలాల వార్త.

ఆ ఇంటాయన కూలిపని చేసుకునే మనిషి. పొద్దున్నే వాకిట్లో జనం. మధ్యాహ్నం విచారణ అని పిలుచుకుపోయారు, సాయంత్రానికి పంపించారు. ఆరోజు ఆయనకు కూలి పోయింది. అదీ నాకు తర్వాతెప్పుడో తెలిసింది. ఆరోజు మాత్రం నేను జేబులో పేపరు పెట్టుకుని ఊరంతా తిరిగాను.

మూడో రోజు బడి ముందు నుంచి సైకిల్ మీద పోతున్నాను. వరండా గోడకు మాస్టారు పిల్లలతో రాయించే గోడపత్రిక. దాని మధ్యలో నా వార్త కత్తిరించి అంటించి ఉంది. సైకిల్ దిగాను, మెచ్చుకున్నారేమో అనుకుని. దాని కింద నోటుబుక్కు కాగితం మీద తొమ్మిదో తరగతి అమ్మాయి గుండ్రటి చేతిరాత:

"ఈ వార్తలో ఉన్న గుంతను నేను, మా చెల్లెలు పోయి చూసినాము. గుంత లోతు మా చెల్లెలి నడుము వరకు ఉంది. మరుగుదొడ్డి కోసం తవ్వినారు. పక్కన సిమెంటు రింగులు రెండు ఉన్నాయి. బిందె ఉంది. అది నీళ్ల బిందె. విలేకరి గారు రాలేదని ఆ ఇంటామె చెప్పింది."

వెనక నుంచి మాస్టారు వచ్చారు. "ఏమప్పా, చదివినావా?"

"చదివినాను సార్."

"తప్పులేమన్నా ఉంటే చెప్పు, దిద్దిస్తా."

తప్పులేమీ లేవు.

సవరణ వేయమని డెస్కుకు రాశాను. చిన్న విషయం, వదిలెయ్యమన్నారు. వదిలేశాను కూడా. సవరణకు ఎన్ని సెంటీమీటర్లు వస్తాయి గనక? ఆ అమ్మాయి నాకంటే తెలివైనదని చెప్పను. గుంత దాకా నడవడానికి ఆమెను ఆపేదేదీ లేదు. నన్ను ఆపింది సాయంత్రం బస్సు దాకా ఆగకుండా మధ్యాహ్నం బస్సే పట్టుకోవాలనే తొందర. ఆ తొందరకు కారణం స్కేలు. మీడియా చదువులో డబ్బు గురించిన పాఠం ఆఖరున ఎందుకు పెడతారో నాకు అర్థం కాదు. అది మొదట ఉండాలి.

మాస్టారి గోడపత్రికకు ఒక నియమం ఉండేది. ప్రతి ముక్క అడుగున మూడు మాటలు రాయాలి. రాసింది ఎవరు, చెప్పింది ఎవరు, చూసింది ఎవరు. మూడోదాని దగ్గర 'ఎవరూ చూడలేదు' అని రాసినా ఊరుకునేవారు. ఖాళీగా వదిలితే మాత్రం కాగితం వెనక్కి ఇచ్చేవారు. ఎగ్జామినర్లు, ఇన్‌స్పెక్షన్‌కు వచ్చినవాళ్లు చాలామంది ఆ గోడపత్రికలో బొమ్మలు బాగున్నాయన్నారు. అడుగున ఉన్న మాటలను చదివినవాళ్లు తక్కువ.

ఇంకొకటి చెప్పాలి. ఆయన ఏడాదికొకసారి పిల్లల్ని పల్లెవెలుగు బస్సులో ధర్మవరం పక్కన నిమ్మలకుంటకు తీసుకుపోయేవారు. తోలుబొమ్మల ఊరు. 2020లో పద్మశ్రీ ప్రకటించిన దళవాయి చలపతిరావు గారిది ఆ ఊరే. బొమ్మలాటను అందరూ తెర ముందు కూర్చుని చూస్తారు. మాస్టారు సగం ఆటయ్యాక పిల్లల్ని లేపి తెర వెనక్కు పంపేవారు. ముందు నుంచి చూస్తే మనిషెత్తు రావణుడు ఊగిపోతుంటాడు. వెనకకు పోతే చెమటతో తడిసిన ఒక పెద్దాయన రెండు చేతుల్లో పుల్లలు పట్టుకుని, కాలితో చెక్క మీద టపటపా తొక్కుతూ, రావణుడి గొంతూ తనే, నవ్వించే కేతిగాడి గొంతూ తనే. రంగువేసిన మేకతోలు, వెనకనుంచి దీపం. బొమ్మను దీపానికి దగ్గర చేస్తే ముందు కూర్చున్నవాడికి రాక్షసుడు పెద్దవాడవుతాడు. పిల్లలు నోళ్లు తెరిచి చూసేవాళ్లు. తర్వాత మళ్లీ ముందుకొచ్చి కూర్చోమనేవారు. విచిత్రమేమంటే, కిటుకు తెలిశాక ఆట రుచి పోలేదు. కొందరికి ఎక్కువైంది. మీడియా గుట్టు చెబితే పిల్లలకు సినిమా మీద, పేపరు మీద ఇష్టం పోతుందని భయపడే తల్లిదండ్రులకు నేను ఈ సంగతే చెబుతుంటాను.

ధర్మవరంలో పట్టుచీరలు నేసేవాళ్ల పిల్లలకు ఇంట్లోనే ఇంకో పాఠం ఉంది. వాళ్లలో ఒకడికి కంప్యూటర్ తెర మీద బొమ్మ చుక్కచుక్కగా ఎట్లా ఏర్పడుతుందో చెప్పబోతే నన్ను మధ్యలోనే ఆపేశాడు. "గళ్ల కాగితం మీద డిజైను గీసి, గడికో రంధ్రం లెక్కన అట్టలు కొడతారు కదా సార్, జాకార్డుకు. అట్లాంటిదే కదా?" అట్లాంటిదే. పట్టుచీర అంచులోని హంసకు, ఫోన్లోని ఫొటోకు చుట్టరికం ఉందని ఆ పిల్లవాడికి మగ్గం ముందే చెప్పింది. బడి అడగలేదు, అంతే.

ఇక మిగతా చోట్ల ఈ చదువు ఎట్లా ఉందో కాస్త చూద్దాం. కేరళలో ప్లస్ టూ హ్యుమానిటీస్‌లో జర్నలిజం ఒక ఆప్షనల్ సబ్జెక్టు. సీబీఎస్‌ఈ పదకొండు, పన్నెండు తరగతులకు మాస్ మీడియా స్టడీస్ ఉంది, దాని కోడు 835. ఎన్‌సీఈఆర్‌టీ హిందీ విద్యార్థుల కోసం 2006లో 'అభివ్యక్తి ఔర్ మాధ్యమ్' అని ఒక పుస్తకమే వేసింది. హిందీ చదివే పిల్లవాడు భాషలో భాగంగానే వార్త ఎట్లా రాస్తారో, రేడియోకు ఎట్లా రాస్తారో నేర్చుకుంటాడు. ఈ పద్ధతి నాకు నచ్చింది. మన ఇంటర్లో ఎంపీసీ, బైపీసీ, సీఈసీ, హెచ్ఈసీ ఉన్నాయి. ఒకేషనల్లో కంప్యూటర్ గ్రాఫిక్స్, యానిమేషన్ ఉంది. అది పరికరం నేర్పుతుంది. మీడియాను ప్రశ్నించే చదువు కావాలంటే యూనివర్సిటీ దాకా ఆగాలి. ఉస్మానియాలో జర్నలిజం శాఖ 1954లోనే వచ్చింది. మనకు దగ్గరగా అనంతపురంలో 1981 నుంచి శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడికి చేరేసరికి పిల్లలకు ఇరవై ఏళ్లు నిండుతాయి. 2022 డిసెంబరులో మన రాష్ట్రంలో ఎనిమిదో తరగతి పిల్లల చేతికి ట్యాబులు ఇచ్చారు. పదమూడేళ్లకు తెర చేతికొచ్చింది, తెర వెనక ఏముందో చెప్పే పాఠం ఇరవై తర్వాత.

ఇంగ్లండులో ఈ సబ్జెక్టు పదహారేళ్ల పిల్లల పరీక్షల్లోనే ఉంది. దాన్ని 'మిక్కీమౌస్ సబ్జెక్టు' అని అక్కడి పేపర్లే వెక్కిరిస్తుంటాయి. పిల్లలు తమనే చదవడం పేపర్లకు ఎందుకు నచ్చడం లేదో మీరే ఆలోచించుకోండి. అక్కడ ఈ ఆలోచనకు మొదలు 1933లో లీవిస్, డెనిస్ థాంప్సన్ కలిసి రాసిన ఒక పుస్తకం. ప్రకటనల మాయలో పడకుండా బడిపిల్లలకు ముందే టీకా వేయాలన్నది వాళ్ల ఉద్దేశం. 1982లో జర్మనీలోని గ్రూన్‌వాల్డ్‌లో యునెస్కో పిలిస్తే 19 దేశాలవాళ్లు కూడి, టీకా సరిపోదు, పిల్లలు మీడియాను అర్థం చేసుకోవాలి, వాడుకోవాలి అని ఒక ప్రకటన చేశారు.

టీకా పద్ధతి మీద నాకు అనుమానం. ఫేక్ న్యూస్ గురించి గంటసేపు చెప్పిన ఒక క్లాసులో చివర ఏం అర్థమైందని అడిగితే, వెనక బెంచీ కుర్రాడు లేచి "అంతా అబద్ధమే సార్" అన్నాడు. చప్పట్లు కొట్టారు. నాకు దిగులేసింది. అంతా నిజమే అనేవాడికీ, అంతా అబద్ధమే అనేవాడికీ గుంత దాకా నడవాల్సిన పని ఉండదు. అయితే అందరూ అట్లా చెప్పి ఊరుకోలేదు. 2018లో కేరళలో కన్నూరు జిల్లా కలెక్టరు 150 ప్రభుత్వ బళ్లలో పుకార్లను పట్టుకోవడం నేర్పించారు. అదే ఏడాది వేసవిలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాల పుకారు మన రెండు రాష్ట్రాల్లోనూ తిరిగింది. గద్వాల పల్లెల్లో ఎండాకాలం ఆరుబయట పడుకునే జనం తలుపులేసుకుని లోపల పడుకుంటున్నారన్న సంగతి కానిస్టేబుళ్ల ద్వారా అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరికి చేరింది. ఫోన్లో వచ్చినదాన్ని ఫోన్లోనే ఖండిస్తూ కూర్చోకుండా, ఆమె జానపద కళాకారులను, పోలీసులను 400కు పైగా పల్లెలకు పంపారు. డప్పు, పాట, ఎదురుగా మనిషి. కేతిగాడు చేసే పని ఇదే కదా అనిపించింది నాకు.

పెనుకొండ పిల్లలకైతే నేను పాఠాన్ని కియా కార్ల ఫ్యాక్టరీ నుంచి మొదలుపెడతాను. ఎర్రమంచి దగ్గర ఫ్యాక్టరీలో 2019 ఆగస్టులో మొదటి సెల్టోస్ కారు బయటికొచ్చింది. డిసెంబరులో ప్రారంభోత్సవం. రెండు నెలలు తిరిగాయో లేదో, 2020 ఫిబ్రవరి 6న రాయిటర్స్ ఒక వార్త ఇచ్చింది. 110 కోట్ల డాలర్ల ఆ ఫ్యాక్టరీని తమిళనాడుకు తరలించడం గురించి మాటలు నడుస్తున్నాయని, పేరు చెప్పని వర్గాలను ఆధారం చేసుకుని. రాష్ట్ర ప్రభుత్వం కాదంది. కంపెనీ కాదంది. ఫ్యాక్టరీ ఈరోజుకీ అక్కడే ఉంది, మీ అన్నలు షిఫ్టులకు పోతూనే ఉన్నారు. ఇందులో అబద్ధం ఎవరిదని నేను అడగను. ఆ ప్రశ్న మీద కొట్లాట అయితే తేలిగ్గా జరుగుతుంది, నేర్చుకునేది ఏమీ ఉండదు. 'వర్గాలు' అంటే ఎవరై ఉంటారు? పేరు దాచడానికి న్యాయమైన కారణం ఉండొచ్చా? కాదన్నవాళ్లకు కాదనాల్సిన అవసరం ఎంత? ఆరోజు మీ ఊళ్లో ఇంటద్దెలు, భూముల ధరల గురించి పెద్దవాళ్లు ఏమనుకున్నారు? ఆ చివరి ప్రశ్నకు జవాబు ఏ లైబ్రరీలోనూ దొరకదు, అరుగు మీద దొరుకుతుంది. నా లెక్కన దీనికి వారం రోజులు పట్టాలి.

హిందూపురం పిల్లలకు సినిమా, రాజకీయం ఉండనే ఉన్నాయి. 1985, 1989, 1994 ఎన్నికల్లో ఎన్టీ రామారావు గారిని గెలిపించిన ఊరు. వెండితెర మీది మనిషి ఓటుపెట్టె దాకా ఎట్లా నడిచొచ్చాడో వాళ్ల తాతలే చెబుతారు, కాస్త పొగిడి, కాస్త తిట్టి. దాని జోలికి ఈ వేదిక మీద పోను.

పుస్తకాలు, ట్యాబులు ఉంటేనే ఈ చదువు అవుతుందని అనుకోవద్దు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ దళిత మహిళలు కెమెరాలు పట్టారు. వాళ్లలో బడి ముఖం చూడనివాళ్లు చాలామంది. పై నుంచి కిందికి చూసే కోణానికి వాళ్లు పెట్టుకున్న పేరు 'పటేల్ షాట్'. కెమెరాను కంటికి సమంగా పెడితే 'సంఘం షాట్'. కెమెరాను ఎక్కడ పెడితే ఎవరు పెద్దగా కనిపిస్తారో, ఎందుకు కనిపిస్తారో రెండు మాటల్లో తేల్చేశారు. 2008 అక్టోబరు 15న వాళ్ల సంఘం రేడియో మొదలైంది. మన రాయలసీమలోనే చిత్తూరు జిల్లాలో 2001లో పల్లె ఆడవాళ్లు విలేకరులుగా 'నవోదయం' పత్రిక వచ్చింది. అంతకు ముప్పావు శతాబ్దం ముందు, 1926లో, అనంతపురంలో పప్పూరు రామాచార్యులు గారు 'శ్రీ సాధన పత్రిక' పెట్టారు. తరిమెల నుంచి వచ్చిన విద్వాన్ విశ్వం రాష్ట్రం మెచ్చిన సంపాదకుడయ్యారు. ముందు వరసలో ఈ పేర్లు విన్నవాళ్లు చేతులెత్తండి అంటే ఎన్ని చేతులు లేస్తాయో నాకు తెలుసు, అందుకే అడగడం లేదు.

ఒకప్పుడు నేను ఇంటర్లో మీడియాకు విడిగా గ్రూపు కావాలని వాదించాను, వినతిపత్రాలూ రాశాను. ఆ తర్వాత ఒక కాలేజీలో కొన్నేళ్లు జర్నలిజం చెప్పాను. నా దగ్గర చదివినవాళ్లు మండల విలేకరులయ్యారు. ఆగస్టు 15, జనవరి 26, ఉగాది వస్తే యాడ్స్ టార్గెట్ అని ఫోన్లు చేసేవాళ్లు. "సార్, మీకు తెలిసిన షాపులేమన్నా ఉంటే చెప్పండి." 2009 ఎన్నికల్లో డబ్బు తీసుకుని వార్తలు వేసిన తీరును పశ్చిమ గోదావరి జిల్లాలో బయటపెట్టింది మన వర్కింగ్ జర్నలిస్టుల యూనియనే. మరుసటి ఏడు ప్రెస్ కౌన్సిల్ కోసం పరంజయ్ గుహా ఠాకుర్తా, కె. శ్రీనివాసరెడ్డి కలిసి 'పెయిడ్ న్యూస్' మీద నివేదిక రాశారు. ఆ వార్తలన్నిటికీ లేనిది అడుగు లైనే. వేయించినవాడి పేరు లేదు. ఇదంతా చూశాక, పదహారేళ్ల పిల్లల్ని విలేకరి ఉద్యోగానికి తయారుచేసే గ్రూపు మీద నాకు మోజు పోయింది. నేత నేసేవాడికి, కియాలో బోల్టు బిగించేవాడికి, చింతపండు మండీలో గుమాస్తాకు ఈ చదువు కావాలి. కాబట్టి తెలుగు పీరియడ్లో, సోషల్ పీరియడ్లో ఉంటే చాలు. మార్కులు లేకపోతే మన బళ్లలో దాన్ని ఎవరు పట్టించుకుంటారని మాస్టారితో కూడా వాదించాను. ఆయన ఒప్పుకున్నారు. "నిజమేనప్పా. అయితే మార్కులు పెడితే గైడు వస్తుంది" అన్నారు. ఆ చిక్కు నాకు ఇప్పటికీ విడిపోలేదు.

మాస్టారి పేరిట ఉన్న నిధి గురించి ఒక మాట చెప్పి ముగిస్తాను. ఇన్నేళ్లూ దాని వడ్డీతో వ్యాసరచన పోటీ పెట్టి బహుమతి ఇస్తున్నాం. కుటుంబ సభ్యులతో, కమిటీతో మాట్లాడాను, ఒప్పుకున్నారు. ఈ ఏటి నుంచి బహుమతి వ్యాసానికి లేదు, సవరణకు ఉంది. పేపర్లోనో, ఫోన్లోనో, టీవీలోనో వచ్చిన మన ప్రాంతం వార్త ఒకటి తీసుకోవాలి. ఆ చోటికి పోవాలి, చూడాలి, తప్పుంటే దిద్ది రాయాలి. తప్పు లేదని తేలితే అదీ రాయొచ్చు, దానికీ బహుమతి ఉంటుంది. అడుగున మూడు మాటలు తప్పనిసరి. ఒంటరిగా పోవద్దు, చెల్లెల్నో తమ్ముణ్ణో స్నేహితుణ్ణో వెంటబెట్టుకోండి. ధర్మవరం నుంచి హిందూపురం దాకా ఎక్కడికైనా సరే, ఇద్దరికీ బస్సు ఛార్జీ నిధి నుంచే ఇస్తాం. టికెట్లు పారేయకండి.